డాక్టరు మనుమరాలు: వంశానుచరిత విచారము

పురాణమునకు లక్షణము చెప్పిన పెద్దలు సర్గ ప్రతిసర్గ మన్వంతరములతోపాటు వంశమును, వంశానుచరితమును గూడ అంగములుగా లెక్కించిరి. కథానాయకుని తరువాత అతని సంతతి ఏమయ్యెనని శ్రోత యడుగుట మన సంప్రదాయమున తప్పు కాదు. అట్లడుగుటకు లక్షణమే చోటు కల్పించినది. భారతమునకు ఖిలముగా హరివంశము వెలసినది. కాని నేటి వైజ్ఞానిక కల్పనాకథల అభిమానులు తమ ప్రియనాయకుని వంశము నిలుచునా, నిలిచినచో నెవరివలన నిలుచునని సాగించు ఊహాపోహలను పిల్లచేష్టలని త్రోసిపుచ్చుట పరిపాటియైనది. ఆ తీర్పు తొందరపాటుతో కూడినదని నా యభిప్రాయము. బ్రిటిషు టెలివిజన్ ధారావాహికయైన 'డాక్టర్ హూ' విషయమున ఈ ప్రశ్న అభిమానులు వెలుపలినుండి తెచ్చిపెట్టినది కాదు. ఆ కథ ఆ ప్రశ్నతోనే పుట్టినది.

ఈ ధారావాహికను బి.బి.సి. 1963 నవంబరు 23న ప్రారంభించినది. నాయకునికి పేరు లేదు. డాక్టరని మాత్రమే పిలుతురు. అతడు మానవుడు కాడు. నీలిరంగు పోలీసు టెలిఫోను పెట్టె రూపమున నుండు టార్డిస్ అను యంత్రమునందు దేశకాలములను దాటి సంచరించును. తొలికథకు 'ఈ భూమికి చెందని బాలిక' యని యర్థమిచ్చు పేరు పెట్టిరి. లండను పాఠశాలలో చరిత్ర బోధించు బార్బరా రైట్, విజ్ఞానశాస్త్రము బోధించు ఇయాన్ చెస్టర్టన్ తమ విద్యార్థిని సూసన్ వింత తెలివికి విస్మితులై, ఈ పిల్ల ఎవరిది, ఈమె ఇల్లెక్కడ అని తెలిసికొనగోరి ఆమె వెంబడి పోవుదురు. టోటర్స్ లేన్ 76వ నంబరు పాతసామానుల దొడ్డిలో వారికి కనబడినది ఇల్లు కాదు, ఆమె తాత. కథకు మూలమైనది ఉపాధ్యాయుల కుతూహలమని మనవంటివారు కొంత గర్వపడవచ్చును. డెబ్బదియైదు కథలు చూచిన అభిమాని అడుగు ప్రశ్నయు, తొలిరాత్రి ఆ యుపాధ్యాయు లడిగిన ప్రశ్నయు నొక్కటియే.

సూసన్‌ను మనుమరాలిని చేసినవాడు తొలికథా రచయిత ఆంథొని కోబర్న్. ఏ బాంధవ్యమును లేని వృద్ధుడును, పదునైదేండ్ల బాలికయు కలిసి తిరుగుట చూపరులకు ఎబ్బెట్టుగా నుండునని ఆయన శంకించెను. ఔచిత్యమునకై కల్పింపబడిన ఈ బాంధవ్యము తన వెంట గొప్ప చిక్కును తెచ్చినది. మనుమరాలున్నదనగా నడుమ నొక కొడుకో కూతురో ఉండవలెను. వారికి తల్లి యుండవలెను. ఒకప్పుడొక గృహ ముండవలెను. వీరిలో నొకరిని గూడ ధారావాహిక సూటిగా చూపినది కాదు. 1967 నాటి కథలో తన కుటుంబము తన మనస్సున నిద్రించుచుండునని డాక్టరు ఒక బాలికతో చెప్పును. 2006లో తానొకప్పుడు తండ్రినని ఒక్క మాట యని యూరకుండును. ఇంత పెద్ద ఖాళీని నడుమ నుంచి, దానిని నింపవలదని ప్రేక్షకుని శాసించుట న్యాయమా?

1964 డిసెంబరు 26న ప్రసారమైన భాగమున సూసన్ కథనుండి తొలగినది. డాలెక్కులు ధ్వంసము చేసిన ఇరువదిరెండవ శతాబ్దపు లండనులో ఆమె డేవిడ్ కాంబెల్ అను యోధుని ప్రేమించును. తాతను విడువలేదు, అతనిని వదలలేదు. ఆ నిర్ణయమును తాత తానే చేయును. ఆమె అరిగిన చెప్పును బాగుచేసెదనని చేత బట్టుకొని లోనికి పోయి, తలుపు మూసి, లోపలినుండియే వీడ్కోలు పలికి, ఏనాటికైన తిరిగి వత్తునని మాట యిచ్చి వెడలిపోవును. ఆమె టార్డిస్ తాళపుచెవిని నేల విడిచి డేవిడ్‌తో నడచిపోవును. అన్న పాదుకలను మోసిన తమ్ముని మన మెరుగుదుము. మనుమరాలి చెప్పును మోసికొనిపోయి తిరిగిరాని తాత మనకు క్రొత్త.

అభిమానుల వంశవిచారమునకు అసలు మూలము ఈ ఘట్టమునందే కలదు. మన ధర్మమున పితృఋణమును సంతానము తీర్చును. ఇచట ఋణపడినవాడు పితామహుడు. సూసన్‌కు బిడ్డలు గలరా, వారి కతని దేహధర్మములు సంక్రమించినవా, ఆమె భర్త ముదిసినను ఆమె ముదియదా అను తర్కములన్నియు పైకి జీవశాస్త్రప్రశ్నలవలె కనబడును. వాని యడుగున నున్నది ఒక్కటే: ఇచ్చిన మాట ఏమయ్యెను? 1998లో జాన్ పీల్ రచించిన నవలలో సూసన్ భర్తతో సమానముగ ముదిసినట్లు కనబడుటకై ముఖమునకు రంగులు పూసికొనును. కథగా ఆ నవల సామాన్యమే. ఆ యొక్క కల్పన మాత్రము ఆమె యొంటరితనమును చక్కగా చెప్పినది.

ఇంకొక విశేషము గమనింపవలెను. సామాన్యనాయకునికి వంశము కావలసినది అతడు మరణించును గనుక. డాక్టరునకు మరణము సమీపించినప్పుడు దేహము మారును. 1966లో విలియం హార్ట్‌నెల్ స్థానమున పాట్రిక్ ట్రౌటన్ నిలిచినది మొదలు ఇదియే రీతి. తనకు తానే వారసుడైనవానికి పుత్రపౌత్రులతో ప్రయోజన మేమి? నిర్మాతలు పెక్కేండ్లు ఈ తర్కమునే యనుసరించినట్లున్నది. ప్రేక్షకులు దాని నంగీకరింపలేదు; వారు కోరినది వారసుని కాదు, బంధువును.

ఈ ప్రశ్నకు ఖిలకథలు, అనగా నవలలు శ్రవ్యనాటికలు, ఇచ్చిన సమాధానములలో రెండు విచారణార్హములు. చిత్రమేమనగా ఆ రెండును ఒక్క రచయితవే. మార్క్ ప్లాట్ 1997లో ప్రకటించిన 'లంగ్‌బారో' నవల ప్రకారము డాక్టరు జన్మభూమియైన గాలిఫ్రేలో ప్రజలు శాపవశమున సంతానహీనులు. అచట మనుష్యులు కడుపున పుట్టరు, మగ్గములమీద నేయబడుదురు. సూసన్ ప్రాచీనకాలపు మరియొక మహాపురుషుని మనుమరాలు. ఆ పురుషుని యంశ డాక్టరునందు గలదు కాబోలు, ఆమె అతనిని చూచినంతనే తాతా యని గుర్తించును. పాఠకులు చాలమంది ఈ మగ్గములను నిరసించిరి, నేనును వారితో నేకీభవింతును. నాయకుని రహస్యమును కాపాడవలెనను నాతురతతో అతనికి బాల్యము, తల్లి యొడి లేకుండ చేయుట రసమునకు భంగకరము. అనౌచిత్యము కంటె రసభంగమునకు వేరు కారణము లేదన్న ఆనందవర్ధనుని మాటకు ఇది మంచి యుదాహరణము. అయినను ఆ నవలను పూర్తిగా త్రోసివేయరాదు. రక్తము తెగినచోట గుర్తింపు నిలిచినది. శకుంతలకు ఉంగరము కావలసివచ్చెను. ఈ బాలికకు అదియు నక్కరలేకపోయెను.

అదే రచయిత పండ్రెండేండ్ల పిమ్మట, 2009లో, బిగ్ ఫినిష్ సంస్థకై 'ఈ భూమికి చెందిన బిడ్డ' యను నర్థము వచ్చు శ్రవ్యనాటికను వ్రాసెను. తొలికథ పేరునకు ఇది యెదురుపేరు. సూసన్ కిందులో ఏలెక్స్ అను కుమారుడు గలడు. అనగా డాక్టరునకు మునిమనుమడు. గ్రహాంతరవాసులయెడ ద్వేషము పెరిగిన సమాజమున ఎదిగిన ఈ యువకుని ముత్తాత గ్రహాంతరవాసియే యగుట కథకు బలము. తిరిగి వత్తునన్న మాట ఇచట ఆలస్యముగ, పొరపొచ్చెములతో చెల్లినది. ఎనిమిదవ డాక్టరుగా పాల్ మెక్‌గన్, ఏలెక్స్‌గా ఆయన కుమారుడు జేక్ మెక్‌గన్ నటించిరి. (2008లో డాక్టరు కణములనుండి యంత్రము పుట్టించిన జెన్నీ యను కుమార్తెగా నటించిన జార్జియా మోఫెట్, ఐదవ డాక్టరు పాత్రధారి పీటర్ డేవిసన్ కుమార్తె; పదియవ డాక్టరు డేవిడ్ టెనంట్‌ను 2011లో వివాహమాడినది. కథ కాదన్న వంశము నటుల యిండ్లలో వర్ధిల్లినది!) జెన్నీ కథను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒక దినమున పుట్టి, పోరాడి, చచ్చి, తిరిగి లేచిన బిడ్డ ఎంత చురుకైనదైనను, ఆమెతో తండ్రికి గడచిన కాలము లేదు. కాలము లేని బాంధవ్యమునకు కరుణ కలుగును గాని వాత్సల్యము పండదు.

ఏలెక్స్‌కు ఆ కాలము కొంత చిక్కినది. 2010 నాటి నాటికలో తాత మనుమరాలు మునిమనుమడు కలిసి టార్డిస్‌లో క్రిస్మస్ జరుపుకొందురు. పెద్ద సాహసమేమియు లేని ఆ కథయే ఈ వరుసలో నాకు మిక్కిలి యిష్టమైనది. కాని 2011లో నికొలస్ బ్రిగ్స్ వ్రాసిన నాటికలో డాలెక్కులతో జరిగిన పోరున ఏలెక్స్ మరణించును. దేహపరివర్తనము మునిమనుమనికి సంక్రమించునా యని అభిమానులు చేసిన తర్కమునకు ఇది నిర్దయమైన జవాబు: అతడు మరల లేవడు. వంశము నిలుపుటకు పుట్టించిన పాత్రను నాయకుని దుఃఖము పెంచుటకు చంపిరని కొందరు నిందించిరి. ఆ నింద సగమే నిజము. ముత్తాత ఎన్ని సార్లయిన బ్రతుకగా మునిమనుమడు ఒక్కసారే మరణించుట, తనకు తానే వారసుడగు వాని శిక్ష యేమిటో చూపినది. పరీక్షిత్తు తల్లి గర్భమున మడిసియు కృష్ణుని యనుగ్రహమున బ్రతికెను, కావుననే భారతమును వినుటకు జనమేజయుడు మిగిలెను. రామకథను రాముని యెదుట పాడుటకు కుశలవులుండిరి. మన ఇతిహాసములలో సంతతి కథను మోయును. డాక్టరు కథను వినుటకు అతని వంశమున సూసన్ ఒక్కతె మిగిలినది.

2020 మార్చి 1న ప్రసారమైన భాగమున డాక్టరు గాలిఫ్రేలో పుట్టినవాడే కాడనియు, ఎచటినుండియో వచ్చిన అనాథశిశువనియు తేలినది. దీనితో వంశవృక్షమునకు వేళ్లు గూడ లేకపోయెను. ఈ మార్పుపై వచ్చిన వాదోపవాదముల నిట విస్తరింపను. ఒక్క ఫలితము మాత్రము ముఖ్యము: పూర్వికులు లేనివానికి తనవారనదగినది సూసన్ వైపు మాత్రమే మిగిలినది.

2025 మే 17న ఆమె తిరిగి కనబడినది, డాక్టరు ప్రాణాపాయమున నున్న వేళ, అతని మనస్సునందు. 1940లో జన్మించిన కెరోల్ ఆన్ ఫోర్డ్, 1963లో తాను ధరించిన పాత్రనే ఎనుబది నాలుగేండ్ల వయస్సున మరల ధరించినది; ఆనాటి డాక్టరు షూటీ గాట్వా 1992లో పుట్టినవాడు. మనుమరాలు తలనెరసి నిలువ, తాత యువకుడై చూచెను. రెండు వారముల పిమ్మట, మే 31న, ఆ డాక్టరు పాపీ యను చిన్నబిడ్డకై తన దేహమును వ్యయపరచెను. లోకము సరియైన మీదట ఆ బిడ్డ అతని బిడ్డగాక, అతని సహచరి బెలిండా కుమార్తెగా మిగిలినది. సూసన్‌ను అతడు కలిసికొనలేదు. ఆమె తెరపై తలుపు వెలుపల నిలిచి అప్పటికి అరువదియేండ్లు దాటినవి. చెప్పు ఇంకను తాతయొద్దనే యున్నది.