ప్రాథమిక పాఠశాలలో చేతిపనియు రూపకల్పనయు
(వార్ధా విద్యానివేదికపై ఒక విమర్శ)

బాలురకు పనిద్వారా చదువు చెప్పవలెనను వాదము మన దేశమునకు క్రొత్తది కాదు. అయితే ఆ వాదమును గంటలతో, నిమిషములతో సహా పాఠ్యప్రణాళికగా నిలిపిన రచనలలో వార్ధా విద్యానివేదికకు ప్రముఖస్థానము కలదు. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో జరిగిన విద్యామహాసభ నాలుగు తీర్మానములు చేసెను. ఏడేండ్ల ఉచిత నిర్బంధవిద్య మొదటిది; మాతృభాషలో బోధన రెండవది; ఉత్పాదకమైన ఒక చేతిపనిని కేంద్రముగా చేసికొని తక్కిన విద్య నంతయు దానితో ముడివేయుట మూడవది; ఆ పని ఫలముతో ఉపాధ్యాయుల వేతనము క్రమముగా గడచునను ఆశ నాలుగవది. డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము ఆ డిసెంబరులోనే తన నివేదికను సమర్పించెను.

నేడు ఇంగ్లండు మొదలగు దేశములలో రూపకల్పన, సాంకేతికవిద్య అను పేరున చిన్నపిల్లలకు నేర్పుచున్న పాఠమునకు ఈ నివేదికయే పూర్వరూపమని తోచుట సహజము. రెండును పుస్తకమును ప్రక్కకు జరిపి బిడ్డ చేతికి పనిముట్టు నిచ్చునవే. కాని చేతిపని వేరు, రూపకల్పన వేరు. ఒక అవసరమును గుర్తించి, దానికి తగిన రూపమును యోచించి, ఆ రూపమును చేతితో నిర్మించి, అది పనికి వచ్చునో రాదో పరీక్షించి దిద్దుకొనుట రూపకల్పన. ఈ నాలుగింటిలో వార్ధా నివేదిక బాలునికి ఎన్నింటిని ఇచ్చినది? ఆ ప్రశ్నతోనే దానిని చదువవలసియున్నది.

మొదట దాని గుణమును చెప్పుట న్యాయము. పాఠశాలకు ఎన్నుకొను చేతిపని యాంత్రికముగా ఉండరాదనియు, మానవజీవితముతో సహజమైన సంబంధములు కలదియై విద్యకు అవకాశ మీయవలెననియు నివేదిక స్పష్టముగా కోరినది. నూలువడకుట, నేత, వడ్రంగము, వ్యవసాయము, తోటపని, తోలుపని మున్నగువాని నుదాహరించినది. ఉపాధ్యాయులు చదువు మాట మరచి, పిల్లలచేత వీలైనంత ఎక్కువ పని చేయించుకొనుటకే పూనుకొందురేమో యను భయమును నివేదికకర్తలు తామే ముందుగా ప్రకటించిరి. తన పథకములోని అపాయమును తానే చూపిన నివేదికలు అరుదు.

ఇక దోషము. నివేదిక సూచించిన దినచర్య అయిదున్నర గంటలు. అందు చేతిపనికి 3 గంటల 20 నిమిషములు, సంగీతము, చిత్రలేఖనము, గణితము మూడింటికిని కలిపి 40 నిమిషములు, మాతృభాషకు 40, సాంఘిక, సామాన్యశాస్త్రములకు 30, వ్యాయామమునకు 10, విరామమునకు 10. సంవత్సరమునకు పనిదినములు 288. చిత్రలేఖనముయొక్క లక్ష్యములలో ఇంపైన రూపకల్పనయు, చేయదలచిన వస్తువుల పటములు గీయుటయు చేర్చబడినవి. అనగా బీజము నివేదికలోనే ఉన్నది. కాని ఆ బీజమునకు దొరకినది 40 నిమిషములలో ఒక పాలు మాత్రమే. నూలువడకుటకో, ఆరు నెలల కొకసారి అందుకొనవలసిన వేగమును, నూలు నంబరును కూడ నిర్ణయించిరి. కొలతకు లోబడినది వేగము. కొలతకు అందనిది యోచన. పరీక్షాధికారి సహజముగా మొదటిదానినే అడుగును. ఈ నూలు ఎవరికొరకు, ఏమి చేయుటకు, ఇంతకంటె వేరొక విధముగా చేయవచ్చునా అని బాలుడు అడుగవలసిన ఘట్టము ఆ దినచర్యలో ఎచ్చటను కానరాదు.

తెలుగు పల్లెలలో పిల్లలు చేసికొను తాటికాయల బండిని తలచుకొన్నచో ఈ భేదము స్పష్టమగును. ముంజెలు తిన్న పిదప రెండు కాయలను ఒక పుల్లకు ఇరుప్రక్కల గ్రుచ్చి, ఆ పుల్లను పంగలకర్రతో త్రోయుచు వారు వీధులు తిరిగెదరు. పుల్ల కాయ నడుమ దిగనిచో బండి ఎగిరెగిరి పడును. ఒక కాయ చిన్నదైనచో బండి ఆ ప్రక్కకే మళ్లును. పంగ ఇరుకైనచో ఇరుసు తిరుగదు. బాలుడు బండిని తిరుగవేసి చూచి, తప్పు కనుగొని, మరియొక కాయను వెదకికొనును. ఆ పనికి నంబరు వేయువా రెవరును లేరు. అయినను అవసరము, యోచన, నిర్మాణము, పరీక్ష అను నాలుగు మెట్లును అందు కలవు. ఈ ఆటను బడిలోనికి తెచ్చుటకు గొప్ప కర్మాగారము అక్కరలేదు. గిద్దెడు బియ్యమును ఒలుకకుండ గది ఈ కొస నుండి ఆ కొసకు మోయగల బండిని జొన్నబెండుతో, ఈనెలతో చేయుమని మూడవ తరగతి పిల్లల నడిగిన చాలును. ఏ ఇద్దరి బండియు ఒక్కరీతిగా ఉండదు. అదియే ఆ పాఠముయొక్క ఫలము.

ఈ భేదము పండితుల చర్చకు మాత్రమే సంబంధించినది కాదు. 1953లో, ఆంధ్రరాష్ట్రము ఇంకను ఏర్పడకముందు, ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున రాజాజీ ప్రభుత్వము గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో బడివేళను దినమునకు మూడు గంటలకు కుదించి, మిగిలిన వేళ పిల్లలు తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకొనవలెనను పథకమును ప్రవేశపెట్టెను. అది కులవిద్యయని ప్రజలు తీవ్రముగా ప్రతిఘటించిరి. 1954లో కామరాజు ప్రభుత్వము దానిని రద్దుచేసెను. వార్ధా పథకము కులమునుబట్టి పనిని పంచలేదు. బడిలోని పని పిల్లలందరికిని ఒక్కటే. ఈ రెండింటిని ఒక్క గాట కట్టుట అన్యాయము. అయినను ఒక మాట మిగులును. బాలుడు తాను నిర్ణయింపవలసిన దేమియు లేనిచోట, చదువుకొను బాలునికిని పనివాని ప్రక్కన నిలిచిన బాలునికిని భేదము చూపుట కష్టము. ప్రజల శంకకు మూల మిచ్చటనే ఉన్నది.

సోలాపురమున తరతరములుగా మగ్గమును నమ్ముకొని స్థిరపడిన తెలుగు పద్మశాలి కుటుంబముల బిడ్డకు పడుగు, పేక అను మాటలు అక్షరములకంటె ముందే వచ్చును. అట్టి బిడ్డను బడిలోను నూలు వడుకుమన్నచో తండ్రికి కోపము వచ్చుట తప్పు కాదు. తన బ్రతుకే బిడ్డకును విధింపబడినదని ఆయన తలచును. ఆ బిడ్డకే రంగుకాగితపు పట్టీలిచ్చి, ఎన్ని పట్టీల కొకసారి రంగు మారినచో ఏ గళ్లు పడునో కనిపెట్టి, తన నమూనాను తానే అల్లుమన్నచో సంగతి మారును. ఇంటి విద్య అచ్చట సంకెల కాక మూలధన మగును.

యోచనకే పెద్దపీట వేసిన పథకములు లోపము లేనివని తలపరాదు. ఇంగ్లండులో 1988 విద్యాసంస్కరణ చట్టము ననుసరించి 1990 నుండి అయిదేండ్ల బిడ్డలు మొదలుకొని అందరికిని ఈ పాఠము విధింపబడెను. అవసరమును గుర్తించుట, రూపమును కల్పించుట, ప్రణాళిక వేసి చేయుట, విలువకట్టుట అని రూపకల్పనకు నాలుగు లక్ష్యములు నిర్ణయించిరి. విభాగము చక్కనిదే. కాని ఒక్కొక్క మెట్టును కాగితముపై నిరూపింపవలసివచ్చుటచే వ్రాత పెరిగి, చేత తగ్గెనను విమర్శ చెలరేగెను. 1995లో ఆ నాలుగింటిని రూపకల్పన, నిర్మాణము అను రెండింటికి కుదించిరి. వార్ధాలో చేతికి యోచన కరవైనది. ఇంగ్లండులో మొదట యోచనకు చేయి కరవైనది.

మన దేశమున 2020 నాటి జాతీయవిద్యావిధానము 6 నుండి 8వ తరగతి వరకు గల పిల్లలు పది దినములు పుస్తకసంచి లేక స్థానిక వృత్తినిపుణులయొద్ద పని నేర్చుకొనవలెనని సూచించినది. అది మంచిదే. కాని అప్పటికి బిడ్డకు పదునొకండేండ్లు. ఏడేండ్లకే చేతికి బుద్ధిని తోడుచేయవలెనన్న వార్ధా పెద్దల పట్టుదల ఈ విషయమున సరియైనది.

మాతృభాషను గురించిన వారి పట్టుదలయు అట్టిదే. 1956 రాజ్యాంగసవరణలో చేరిన 350ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింపవలెనని నిర్దేశించుచున్నది. ఆంధ్రేతరప్రాంతములలో తెలుగు తరగతి సాధారణముగా అక్షరములతో, పద్యములతో ముగియును. ఇరుసు, ఉలి, చీల, పడుగు, పేక మున్నగు మాటలు పుస్తకములో చదివినందున నిలువవు. చేతిలో పని ఉన్నపుడే నిలుచును. బండి చేయు బిడ్డకు ఇరుసు అను మాట నోటికి వచ్చును. ఎందుకు తిరుగలేదో చెప్పవలసినపుడు వాక్యమును వచ్చును. కావున ఈ ప్రాంతములలోని తెలుగు తరగతులు వారమునకు ఒక్క గంట చేతిపనికి కేటాయించినను భాషకు నష్టము లేదు.

వార్ధా నివేదికను త్రోసివేయుట గాని పూజించుట గాని నేడు అక్కరకు రావు. చిత్రలేఖనముతో పాటు 40 నిమిషములలో ఇరికించిన రూపకల్పనను తీసికొనివచ్చి ఆ 3 గంటల 20 నిమిషముల నడుమ కూర్చుండబెట్టినచో, దాని లోపము చాలవరకు తీరును. ఏమి చేయవలెనో చెప్పుట గురువు వంతు కావచ్చును. ఎట్లు చేయవలెనో కొంతయైనను బిడ్డ వంతు కావలెను.