ప్రమాణపు జాబితాలో పూర్వీకులు: 1642 నాటి ఇంగ్లండు ప్రొటెస్టేషన్ పత్రాలపై ఒక విమర్శ

ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయములో ఒక చిన్న సంఘటన ఉన్నది. చెర నుండి తిరిగి వచ్చిన యాజకులలో కొందరు వంశావళి పత్రాలలో తమ పేర్ల కొరకు వెదకుతారు, అవి దొరకవు. దొరకనందున వారు యాజకత్వమునకు దూరమవుతారు. వారిలో ఒక కుటుంబము బర్జిల్లయి కుమార్తెను పెండ్లాడిన పూర్వీకుని బట్టి ఆ ఇంటి పేరును పెట్టుకొనిన కుటుంబము. అనగా పేరు ఒక వంశమును చూపుతున్నది, రక్తము వేరొక వంశమును చూపుతున్నది. జాబితాలను ఆధారముగా తీసుకొని చరిత్ర వ్రాసే ప్రతివారు ఈ వచనాలను ఒకసారి చదివి పని మొదలుపెట్టుట మంచిదని మా అభిప్రాయము.

ఇంగ్లండులో పూర్వీకులను వెదకేవారు నేడు విరివిగా వాడే ఆధారాలలో ఒకటి 1641-42 నాటి ప్రొటెస్టేషన్ పత్రాలు. వీటిని కొందరు జనాభా లెక్కగాను, మరికొందరు ప్రొటెస్టంటు విశ్వాసుల పట్టీగాను చదువుతున్నారు. ఈ రెండు పఠనాలూ సరికావని ఇక్కడ చూపదలచాము. మన తెలుగు సంఘ చరిత్రకు ఈ విషయముతో ఉన్న సంబంధమును తరువాత చెప్పెదము.

మొదట పత్రాల పుట్టుక. 1641 మే 3న కామన్స్ సభ ఒక ప్రమాణమును రచించి, సభ్యులచే చేయించింది. రాజు మొదటి చార్లెస్‌కు అండగా నిలిచిన స్ట్రాఫర్డ్ ప్రభువుపై అప్పుడు విచారణ నడుస్తున్నది. సైన్యముతో పార్లమెంటును అణచివేస్తారన్న వదంతులు లండనును కలవరపెట్టుచున్నవి. ఇంగ్లండు సంఘ సిద్ధాంతములో వ్యక్తమైన సంస్కరింపబడిన ప్రొటెస్టంటు మతమును, రాజు వ్యక్తిత్వమును గౌరవమును, పార్లమెంటు హక్కులను, ప్రజల న్యాయమైన స్వేచ్ఛలను కాపాడుదునని అందులోని సారాంశము. దీనిని దేశమంతటికీ వర్తింపజేసే బిల్లును లార్డ్స్ సభ అంగీకరించలేదు. అయినను ప్రమాణము చేయనివారు పదవులకు తగరని కామన్స్ సభ జూలైలో తీర్మానించింది.

1642 జనవరి 4న రాజు స్వయముగా సభలోనికి వచ్చి ఐదుగురు సభ్యులను పట్టుకొనబోయి విఫలుడయ్యాడు. ఆ తరువాత, జనవరి 19 తేదీతో స్పీకరు విలియం లెంథాల్ షెరీఫులకు ఉత్తరాలు పంపాడు. 18 సంవత్సరాలు నిండిన ప్రతి పురుషుడూ ప్రమాణము చేయవలెను. చేసినవారి పేర్లు, నిరాకరించినవారి పేర్లు తిరిగి పంపవలెను. పై అధికారులు ముందు చేశారు. ఆ మీదట పారిష్ గురువు, కానిస్టేబుల్, చర్చి వార్డెన్లు, బీదల పోషణ చూచేవారు చేసి, తమ పారిష్‌లోని జనులను పిలిచి చేయించారు. ఎక్కువ భాగము ఫిబ్రవరి, మార్చి నెలలలో ముగిసింది. ఆగస్టులో అంతర్యుద్ధము మొదలైంది.

ఇక్కడ ఒక చిక్కును గమనించాలి. అప్పటి ఇంగ్లండులో సంవత్సరము మార్చి 25న మొదలయ్యేది. గనుక 1642 ఫిబ్రవరిలో చేసిన పత్రముపై 1641 అని ఉంటుంది. డెవన్ జిల్లా పత్రాలను ఎ. జె. హోవర్డ్ 1973లో అచ్చు వేసినప్పుడు శీర్షికలో 1641 అనే ఉన్నది. బాప్తిస్మపు రిజిస్టరు తేదీలతో పోల్చేటప్పుడు ఈ సంగతి మరచిన విద్యార్థి ఒక మనిషి వయస్సును ఏడాది అటు ఇటు చేసి, 18 నిండని వానిని నిండినవానిగా లెక్కించే ప్రమాదమున్నది.

ఇప్పుడు మొదటి పఠనము, అనగా జనాభా లెక్క అనే వాదన. స్త్రీలు సాధారణముగా లేరు. కొన్ని పారిష్‌లలో మాత్రము ఉత్తరువు అడగకపోయినా స్త్రీల పేర్లు చేర్చారు. పిల్లలు అసలే లేరు. సంఖ్యాకాండము 1వ అధ్యాయములో 20 ఏండ్ల పైబడిన పురుషులనే లెక్కించినట్లు ఇదీ ఒక వడపోత. సాధారణముగా వయస్సు లేదు, వృత్తి లేదు, తండ్రి పేరు లేదు. జాన్ అనే పేరుగలవారు ఒకే పారిష్‌లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు ఉంటే ఎవరు ఎవరి కుమారుడో పత్రము చెప్పదు. పైగా దేశములోని పారిష్‌లన్నిటిలో సుమారు మూడవ వంతుకే పత్రాలు మిగిలాయి. మిగిలినవి కూడా లార్డ్స్ సభ పత్రాల మధ్య ఉన్నందువలననే 1834లో పార్లమెంటును దహించిన అగ్ని నుండి తప్పించుకొన్నాయి. కామన్స్ సభ పత్రాలు చాలావరకు కాలిపోయాయి. కాబట్టి పేరు కనబడలేదు గనుక మనిషి అక్కడ లేడు అనుట చెల్లదు. అతడు సముద్రము మీద ఉండవచ్చు, రోగియై మంచము పట్టి ఉండవచ్చు, ఆ పారిష్ కాగితమే పోయి ఉండవచ్చు.

రెండవ పఠనము మనకు మరింత ముఖ్యము. పేరు ఉన్నందున ఆ మనిషి ప్రొటెస్టంటు విశ్వాసి అని చెప్పవచ్చునా? ఆ ప్రమాణపు అర్థమే చేసిననాటి నుండి వివాదములో ఉన్నది. ఇంగ్లండు సంఘ సిద్ధాంతము అనగా బిషప్పుల పాలనయు, ఆరాధనాక్రమమును చేరినవా అని కొందరు అడిగారు. చేరవని 1641 మే 12న కామన్స్ సభ వివరణ ఇచ్చుకొనవలసి వచ్చింది. ఒకే మాటల క్రింద బిషప్పులను ప్రేమించినవాడు సంతకము చేశాడు, బిషప్పులు వద్దన్నవాడు సంతకము చేశాడు. కొన్నిచోట్ల కతోలికులు మతమునకు సంబంధించిన భాగమును విడిచి మిగిలినది అంగీకరిస్తామన్నారు. జాన్ వాల్టర్ 2017లో వెలువరించిన గ్రంథములో, సామాన్య జనులు ఈ ప్రమాణమును తమకు లభించిన అధికారముగా తలచి, బలిపీఠపు కంచెలను పెరికివేయడము వంటి పనులకు దానిని ఆధారముగా చూపారని నిరూపించాడు. ఆ వాదన మమ్ములను ఒప్పించింది. అయితే జన సమూహమును గూర్చి సత్యమైనది జాబితాలోని ఒక్కొక్క పేరును గూర్చి సత్యము కాదు. ఊరి గురువు, కానిస్టేబులు ఎదుట నిలిచి, నిరాకరించినవారి పేర్లు పైకి పోతాయని తెలిసి, ఒక పాలేరు పలికిన మాటలో ఎంత విశ్వాసము, ఎంత భయము, ఎంత ఇరుగుపొరుగు మొగమాటము ఉన్నదో కాగితము తూచలేదు.

విచిత్రమేమనగా, విశ్వాసమును గూర్చి ఈ పత్రాలు గట్టిగా పలికేది ఒప్పుకొన్నవారిని గూర్చి కాదు, నిరాకరించినవారిని గూర్చియే. వారు నష్టమును ఎరిగి పేరు ఇచ్చుకొన్నారు. కతోలిక కుటుంబాల చరిత్ర వ్రాసేవారికి ఆ నాలుగైదు పేర్లు ఎంతో విలువైనవి. మత్తయి 5:34-37, యాకోబు 5:12 వచనాలను బట్టి ఏ ఒట్టునూ పెట్టుకొనమన్న క్వేకర్లు మాత్రము ఈ పత్రాల కాలమునకు ఇంకా లేరు. వారి ఉద్యమము 1650 దశకములోనిది. 1642 నాటి నిరాకరణను క్వేకర్ల సాక్ష్యముగా ప్రసంగాలలో చెప్పకుండుట మేలు.

సంతకాల సంగతి చూద్దాము. కొన్ని పారిష్‌లలో ప్రతివాడు తానే సంతకమో, నిశానియో పెట్టాడు. కొన్నింటిలో గుమస్తా ఒక్కడే పేర్లన్నీ వ్రాశాడు. అచ్చుపుస్తకములో చదివేవారికి ఈ భేదము సులువుగా కనబడదు. డేవిడ్ క్రెసీ 1980లో, ఈ పత్రాలను, 1643-44 నాటి తరువాతి ప్రమాణాల పత్రాలను ఆధారము చేసుకొని, గ్రామ ప్రాంతపు పురుషులలో సుమారు 70 శాతము సంతకము చేయలేనివారని లెక్క తేల్చాడు. లెక్క జాగ్రత్తగా చేసినదే. కాని నిశాని పెట్టినవాడు చదువరి కాడనుకొంటే పొరబాటు. ఆ కాలములో చదువుట ముందు, వ్రాయుట తరువాత నేర్పేవారు. మధ్యలో బడి మానినవాడు బైబిలు చదవగలడు, పేరు వ్రాయలేడు. మన గ్రామ సంఘాలలో కీర్తనలు తడుముకోకుండా చదివి, వివాహ రిజిస్టరులో వేలిముద్ర వేసే అవ్వలను చూచిన కాపరులకు దీనిని వేరుగా వివరించనక్కరలేదు.

ఇక మన సంబంధము. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో కూడ ఓడ ఎక్కి, తెలుగు దేశమునకు వచ్చి గోదావరి డెల్టా పరిచర్యకు పునాది వేసిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు డెవన్ జిల్లాలోని బార్న్‌స్టేపుల్ నుండి వచ్చినవారు. బౌడెన్, బీర్ అనే ఇంటిపేర్లు డెవన్‌లో విరివిగా ఉన్నవి. డెవన్ పత్రాల అచ్చుపుస్తకము తెరచి, ఆ ఇంటిపేరు కనబడగానే, మన మిషనరీ పూర్వీకుడు 1642లోనే సంస్కరణ పక్షమున ప్రమాణము చేశాడని ఒక స్మారక సంచికలో వ్రాయడము సులభము. అలా వ్రాస్తే మూడు దోషాలు ఒక్కసారే జరుగుతాయి. నడుమ 194 సంవత్సరాలు, అనగా ఆరేడు తరాలు ఉన్నవి. ఒక్క లింకునైనా చూపలేదు. ప్రమాణమునకు విశ్వాసము అనే అర్థము అంటగట్టాము. రాజ్యము కోరిన విధేయత పత్రముతో, ఆ తరువాత ప్రభుత్వపు అండ లేకుండా వచ్చిన సహోదరుల పరిచర్యకు వంశ గౌరవము కట్టబెట్టాము. ఆ దంపతుల సేవకు అటువంటి ఆభరణము అక్కరలేదు.

మరి ఈ పత్రాలు నిరుపయోగమా? కానేకాదు. తెలిసిన వ్యక్తి నుండి వెనుకకు, బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్ల ద్వారా ఒక్కొక్క తరము చొప్పున నడచినవారు 1640, 1650 దశకాలకు వచ్చేసరికి చాలాచోట్ల ఆగిపోతారు. 1538లో మొదలైన పారిష్ రిజిస్టర్లు అంతర్యుద్ధ కాలములో అనేక పారిష్‌లలో ఖాళీలతో ఉన్నవి. అక్కడ ప్రొటెస్టేషన్ పత్రము వంతెనవలె పనిచేస్తుంది. అరుదైన ఇంటిపేరు అయితే, అది జిల్లాలో ఏయే పారిష్‌లలో ఉన్నదో చూచి, తరువాత ఏ రిజిస్టరు తెరవవలెనో నిర్ణయించవచ్చు. ఇది దిక్కు చూపే ఆధారము, ముగింపు చెప్పే ఆధారము కాదు. స్త్రీల కొరకు వెదకేవారు 1723 నాటి ప్రమాణపు జాబితాలను చూడాలి. వాటిలో స్త్రీల పేర్లు కూడా ఉన్నవి. నెహెమ్యా 10వ అధ్యాయపు నిబంధనలో ముద్ర వేసిన నాయకుల పేర్ల తరువాత భార్యలు, కుమారులు, కుమార్తెలు కూడా చేరారన్నది ఇక్కడ గుర్తుకు వస్తుంది, అయితే అక్కడ కూడా వారి పేర్లు వ్రాయబడలేదు.

పత్రమును చేతికి తీసుకొనిన విద్యార్థి మొదటి పేరు నుండి కాక చివరి వరుసల నుండి చదువుట మొదలుపెట్టవలెనని మా సలహా. గురువు, వార్డెన్లు, కానిస్టేబులు సంతకాల పైన నిరాకరించినవారెవరూ లేరని వ్రాసి ఉన్నదా, ఊరిలో లేనివారి పేర్లు విడిగా ఇచ్చారా, లేక ఏమీ చెప్పకుండా సంతకాలతో ముగించారా చూడాలి. ఏమీ చెప్పని పత్రములో, పేరు లేని మనిషిని గూర్చి మనము కూడ ఏమీ చెప్పకూడదు.