ప్రణయమున ప్రార్థన: అమెరికా క్రైస్తవ ప్రణయ నవలలు

పండితుల మన్ననకు నోచుకొనక, పాఠకుల ఆదరమును మాత్రము తరతరములుగా నిలుపుకొన్న రచనలు ప్రతి సాహిత్యమునందును కొన్ని కలవు. అమెరికాలో వెలసిన క్రైస్తవ ప్రబోధాత్మక ప్రణయ నవల అట్టిది. విమర్శకులు దానిని సాధారణముగా రెండు మాటలతో త్రోసిపుచ్చుదురు. అది కథారూపమున నున్న ఉపదేశ మనుట ఒకటి. శృంగారమును వడగట్టిన ప్రేమకథ యనుట రెండవది. ఈ మాటలలో కొంత సత్యము లేకపోలేదు. కాని ఉపదేశము కోరువారికి దేవాలయములో ప్రసంగములు కలవు; అశ్లీలము లేని కథ కోరువారికి వేరు నవలలు కలవు. అయినను అసంఖ్యాకులగు స్త్రీలు ఈ నవలలనే ఏల మరల మరల చదువుచున్నారు? దీనికి సమాధానమును ఆ నవలల కథానిర్మాణమునందే వెదకవలెను.

ఈ శాఖకు త్రోవ చూపినవారిలో గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ (1865–1947) ముఖ్యురాలు. 1899లో భర్త మరణింపగా, ఇద్దరు కుమార్తెలను పోషించుటకు కలమునే ఆధారము చేసికొని ఆమె నూటికి పైగా నవలలు వ్రాసినది. 1918 నాటి ‘ది ఎన్‌చాంటెడ్ బార్న్’ అను నవలలో కుటుంబభారమును మోయుచున్న షర్లీ అను స్టెనోగ్రాఫరు, అద్దె తక్కువయని ఒక పాత రాతికొట్టమును తీసికొని దానిని ఇల్లుగా మార్చుకొనును. ఆ కొట్టము గల సంపన్నుని కుమారుడు ఆమెను ప్రేమించును. పనికిరానిదని విడిచిన చోటు నివాసయోగ్యమగుట ఈ కథలోని అసలు విషయము. తరువాత వచ్చిన నవలలలో ఆ కొట్టమునకు వచ్చిన భాగ్యమే నాయికల హృదయములకు వచ్చినది.

ఈ మార్పు జానెట్ ఓక్ వ్రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ (1979) అను నవలలో స్పష్టముగా కాననగును. రచయిత్రి కెనడా దేశస్థురాలు. పడమటి సీమకు పోవు త్రోవలో మార్టీ అను యువతి భర్తను కోల్పోవును. ఆమె గర్భవతి. భర్తను పూడ్చిన దినముననే క్లార్క్ డేవిస్ అను రైతు వచ్చి తన్ను వివాహమాడుమని కోరును. అతడును భార్యను పోగొట్టుకొన్నవాడే. అతని పసిబిడ్డకు తల్లి కావలెను. ఇందు ప్రణయము లేదు, ఒప్పందము మాత్ర మున్నది. వసంతకాలమున ఆమె తూర్పునకు మరలిపోదలచినచో దారిఖర్చు తానే ఇత్తుననియు, తన బిడ్డను గూడ ఆమె తీసికొనిపోవలె ననియు అతడు చెప్పును. భోజనమునకు ముందు అతడు చేయు ప్రార్థన మార్టీకి మొదట వింతగా తోచును. క్రమముగా ఆ మనుష్యుని సహనమునకు మూలము ఆ ప్రార్థనలోనే యున్నదని ఆమె గ్రహించును. ఈ నవలలో పెద్ద సంఘటనలు లేవు. వంటయు, పశువులును, చలికాలమును, ప్రసవమును కలవు. అయినను పాఠకురాలు పుస్తకమును విడువదు. వసంతము వచ్చునప్పటికి మార్టీ పోవునా, ఉండునా అను ప్రశ్న ఆమెను పట్టియుంచును. పోవుటకు దారి తెరచియుండుటచేతనే ఉండుటకు విలువ కలిగినది.

తెలుగు పాఠకునకు ఇచట ఆముక్తమాల్యద స్ఫురించుట సహజము. గోదాదేవి శ్రీరంగనాథునే వరించినది. మానవుడు ఆమెకు వరుడు కానేరడు. మధురభక్తిలో నాయకుడు భగవంతుడే. ఈ నవలలలో అట్లు గాదు. నాయకుడు పొలము దున్ను మనుష్యుడు. భగవంతుడు ఆ యిద్దరి నడుమ నుండు మూడవవాడు. సన్న్యాసము కంటె గృహస్థధర్మమునే విశ్వాసమునకు క్షేత్రముగా నెంచిన ప్రొటెస్టంటు సంప్రదాయమునకు ఇది తగియున్నది. కావుననే ఇందలి విప్రలంభమునకు నాయకుని దూరము కారణము గాదు. ప్రేమింపబడుటకు తాను తగనను నాయిక భావమే కారణము. అర్హత లేనివారికి లభించునదే కృప యని క్రైస్తవులు నమ్ముదురు. ఈ నవలల ఆకర్షణ యంతయు ఈ ఒక్క మాటలో నున్నది. సామాన్య ప్రణయ నవలలో నాయిక తన సౌందర్యముచేతనో, చాతుర్యముచేతనో ప్రేమను గెలుచుకొనును. ఇచట ఆమె గెలువవలసినది లేదు. నమ్మవలసినది మాత్ర మున్నది. ఇంటిపనిలో అలసి, తన విలువను తానే శంకించు స్త్రీకి ఇది చిన్న ఓదార్పు గాదు. ఈ పాఠకురాండ్రను కలిసి లిన్ నీల్ 2006లో ప్రకటించిన పరిశోధన గ్రంథమును చూచినచో, ఈ పఠనము వారి భక్తిజీవనములో ఒక భాగమని తెలియును.

అయితే ఓదార్పు నిచ్చునదంతయు నిర్దోషము గాదు. ఆ దోషమును పరీక్షించుటకు ఫ్రాన్సీన్ రివర్స్ వ్రాసిన ‘రిడీమింగ్ లవ్’ కంటె తగిన నవల లేదు. 1991లో వెలువడి, 1997లో క్రైస్తవ ప్రచురణకర్తల ద్వారా సవరించిన రూపమున వచ్చిన ఈ నవల, విశ్వాసఘాతకురాలగు భార్యను మరల మరల చేరదీసిన హోషేయ ప్రవక్త కథను 1850 ప్రాంతపు కాలిఫోర్నియా బంగారు గనుల సీమకు తెచ్చినది. బాల్యముననే వేశ్యావృత్తికి అమ్ముడుపోయిన ఏంజెల్‌ను వివాహమాడుమని మైకేల్ హోషేయ అను రైతునకు దైవాజ్ఞ యగును. దెబ్బలు తిని సగము స్పృహలో నున్న స్థితిలో ఆమె అంగీకరింపగా వివాహము జరుగును. ఆమె పారిపోవును, అతడు పోయి తెచ్చును. ఇచట విమర్శకుడు ఆగి ప్రశ్నింపవలెను. భర్త దేవునకు ప్రతిరూపమైనచో, భార్య కాదనుట పాపము కాదా? అట్టి రూపకమును నిజజీవితములో క్రూరుడగు భర్త వాడుకొనడా? బలవంతమునకు కృప యని పేరు పెట్టినంతమాత్రమున అది కృప యగునా?

ఈ ప్రశ్నలకు ఆ నవలయే కొంత సమాధానము చెప్పుట దాని గొప్పతనము. కడపటిసారి ఏంజెల్ వెడలినపుడు మైకేల్ వెంట పోడు. ఆమె సాన్‌ఫ్రాన్సిస్కోలో భర్త తోడు లేకయే దైవమును కనుగొని, తనవలె చెడిపోయిన బాలికలకు ఆశ్రయము కల్పించును. మూడేండ్ల పిమ్మట తానుగా నిర్ణయించుకొని తిరిగివచ్చి, అంతవరకు దాచిన సారా యను తన నిజమైన పేరును భర్తకు చెప్పును. పేరు చెప్పుట ఆమె ఇచ్చిన కానుక. అతడు పొందిన హక్కు గాదు. కథ అచటితో ముగిసినచో ఎంతయో బాగుండెడిది. కాని సంతానము కలుగదని చెప్పబడిన ఆమెకు ఉపసంహారములో సంతానము నిచ్చి, రచయిత్రి కృపకు ఫలమును లెక్కకట్టినది. అర్హతను అడుగని కృప మీద నిలిచిన కథ, చివరకు బహుమానము నాశ్రయించినది.

ఈ శాఖలోని సామాన్య రచనలకు ఇదియే పెద్ద లోపము. 1997లో హార్లెక్విన్ సంస్థ ఇట్టి నవలలకు ప్రత్యేకమాలను ఆరంభించిన పిమ్మట అచ్చు మరింత బిగిసినది. సందేహము రెండు పుటలలో తీరును. అవిశ్వాసి సరియైన అధ్యాయమున విశ్వాసి యగును. ప్రార్థన కథలోని చిక్కును విప్పు కీలుగా మారినచో, అది ప్రార్థనకును, కథకును గూడ అపచారమే. మంచి నవలలు ఇందుకు భిన్నముగా జవాబు రాని ప్రార్థనకు గూడ చోటిచ్చును.

కావున ఈ నవలలను విశ్వాసము కలవనియో, శృంగారము లేదనియో తూచుట తగదు. నాయిక కాదని చెప్పి వెడలిపోవుటకు తలుపు తెరచియున్నదా యని చూడవలెను. ఓక్ నవలలో ఆ తలుపు మొదటి దినముననే తెరువబడినది. రివర్స్ నవలలో చాల ఆలస్యముగా తెరువబడినది. ఆ తలుపే లేని నవలలు పెక్కులు కలవు. వానిని చదివి ఊరట పొందు పాఠకురాండ్రను చులకన చేయుట న్యాయము గాదు గాని, వారికి అంతకంటె మేలైన కథ దక్కవలసియున్నదని చెప్పుట విమర్శకుని ధర్మము.