పెద్దలలో అవధానలోపం : చికిత్సాక్రమంపై ఒక విమర్శ

అవధానమనే మాట తెలుగువారికి కొత్త కాదు. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి మనస్సును లాగుతున్నా, ఏ పద్యం ఎక్కడ ఆగినదో మరువక, చివరకు అన్నింటినీ ధారణచేసి అప్పగించేవాడు అవధాని. ఆ మాటనే తీసుకొని, ఎ.డి.హెచ్.డి. అనే స్థితికి మనవారు అవధానలోపమని పేరు పెట్టినారు. పేరు బాగున్నది గాని, కొంత పొరపాటుకు తావిస్తున్నది. ఈ స్థితిలో ఉన్నవారికి అవధానం అసలే లేదనరాదు. ఉన్నది వారి అదుపులో ఉండదు. నచ్చిన పనిలో గంటల తరబడి మునిగిపోయే మనిషి, నచ్చని పనిలో పది నిమిషాలు నిలువలేడు. లోకం దీనిని చూచి బద్ధకమని తీర్పు చెప్పుతుంది.

ఇది పిల్లల వ్యాధి అనే అభిప్రాయం చాలకాలం శాస్త్రంలోనే ఉన్నది. 1902లో లండనులో జార్జి స్టిల్ అనే వైద్యుడు ఇటువంటి పిల్లలను గురించి ఉపన్యసించినాడు. 1968 నాటి అమెరికా మానసికవ్యాధుల వర్గీకరణ కూడ దీనిని బాల్యానికి చెందినదిగానే పేర్కొన్నది. 2013లో వెలువడిన ఐదవ కూర్పు, 17 ఏండ్లు నిండినవారిలో ఒక్కొక్క వర్గంలోని తొమ్మిది లక్షణాలలో ఐదు ఉంటే చాలునన్నది; అయితే కొన్ని లక్షణాలు 12 ఏండ్లలోపే కనబడి ఉండవలెనన్నది. ‘పుష్ప’ చిత్రం ద్వారా మనకు తెలిసిన మలయాళ నటుడు ఫహద్ ఫాసిల్, తనకిది 41వ ఏట నిర్ధారణ అయినదని 2024లో బహిరంగంగా చెప్పినాడు.

మరి పెద్దలకు చికిత్స ఏమిటి? 2018లో బ్రిటనులోని ‘నైస్’ సంస్థ ప్రకటించిన మార్గదర్శకాలు ఒక మెట్లవరుసను చూపుతున్నవి. మొదటిది పరిసరాల సవరణ: చప్పుడు తగ్గించటం, పనిని చిన్న భాగాలుగా విడదీయటం, చెప్పినదానిని కాగితంపై వ్రాసి ఇవ్వటం. అప్పటికీ జీవితం కుంటుపడుతుంటే మందు. లిస్‌డెక్సాంఫెటమీన్ గాని, మిథైల్‌ఫెనిడేట్ గాని ముందు వాడవలెను. అవి పనిచేయకున్నా, పడకపోయినా అటొమాక్సెటీన్ ఇవ్వవచ్చును. మందు వద్దనుకొన్నవారికి, మందుతో పూర్తిగా కుదుటపడనివారికి శిక్షణతో కూడిన మానసిక చికిత్స ఉన్నది.

వీటి వెనుక శాస్త్రం గట్టిదే. మెదడులో నాడీకణాల నడుమ వార్తలు మోసే డోపమీన్, నారెపినెఫ్రిన్ అనే పదార్థాలను కణాలు తిరిగి పీల్చుకొనకుండా మిథైల్‌ఫెనిడేట్ ఆపుతుంది. అటొమాక్సెటీన్ ముఖ్యంగా నారెపినెఫ్రిన్ విషయంలో ఆ పని చేస్తుంది. దాని ఫలితం తెలియటానికి కొన్ని వారాలు పడుతుంది. ఏది వాడినా రక్తపోటును, నాడిని, బరువును వైద్యుడు కనిపెట్టుతూ ఉండవలెను. 2010లో అమెరికాలో, మందు వాడుతున్నా లక్షణాలు మిగిలిన 86 మంది పెద్దలపై ఒక పరిశోధన జరిగినది. దినచర్య వ్రాసుకొనటం, పనులకు వరుస ఏర్పరచుకొనటం, మనస్సు చెదరకుండా చూచుకొనటం నేర్చినవారు, విశ్రాంతి అభ్యాసం మాత్రమే చేసినవారికంటె ఎక్కువ మేలు పొందినారు.

నా ఆక్షేపణ శాస్త్రంపై కాదు, దానిని అందించే క్రమంపై. కేసముద్రం మార్కెట్టులో ఒక అడ్తిదారు వద్ద పనిచేసే గుమాస్తాను ఊహించుకొందాము. కాంటాల వద్ద చురుకుగా ఉంటాడు. తక్‌పట్టీలు వ్రాయటంలో మాత్రం రోజూ ఏదో ఒకటి మరుస్తాడు. అతడు నిపుణుడిని చూడటానికి వరంగల్లుకు రైలెక్కవలెను. మిథైల్‌ఫెనిడేట్ మన ఔషధ నియమావళిలో ‘ఎక్స్’ షెడ్యూలుకు చెందినది. దానికి చీటీ రెండు ప్రతులలో ఉండవలెను. ఒక ప్రతిని దుకాణదారు రెండేండ్లు భద్రపరచవలెను. అమ్మకానికి ప్రత్యేక లైసెన్సు కావలెను. ఇంత భారం మోయటానికి చిన్న ఊరి దుకాణదారు ముందుకు వచ్చుట కష్టం. చెప్పిన తేదీకి వెళ్లటం, చీటీ పారవేసుకొనకపోవటం, మందు అయిపోకముందే మళ్లీ బయలుదేరటం, ఇవన్నీ అతనికి లేని శక్తినే కోరుతున్నవి. అనగా, మతిమరుపుకు చికిత్స మతిమరుపు లేనివానికే సులభంగా అందుతున్నది!

ఈ కట్టుబాట్లు అనవసరమని నా అభిప్రాయం కాదు. ఈ మందు దుర్వినియోగానికి లోనుకాగలదు. పరీక్షల ముందు దీనిని మింగితే మార్కులు పెరుగునని నమ్మే విద్యార్థి తన ఆరోగ్యానికే ముప్పు తెచ్చుకొంటాడు. అలాగే నిద్రలేమి, థైరాయిడ్ దోషం, ఆందోళన, దిగులు కూడ ఇటువంటి లక్షణాలనే చూపగలవు. కాబట్టి సెల్‌ఫోనులో రెండు నిమిషాల చిత్రం చూచి రోగనిర్ణయం చేసుకొనరాదు. కాని కట్టుబాటు మందుకు ఉండవలెను. మనిషికి దారి మూసివేయరాదు. తిరుగుచూపు తేదీని ఫోను ద్వారా గుర్తుచేయటానికి, ఇంటివారిలో ఒకరిని మొదటినుంచీ చికిత్సలో చేర్చుకొనటానికి ఏ చట్టమూ అడ్డురాదు.

మరొక లోపం ఉన్నది. 12 ఏండ్లలోపు లక్షణాలకు సాక్ష్యమేది? మన బడులలో మార్కులూ హాజరూ నమోదైనంత శ్రద్ధగా పిల్లవాని తీరు నమోదు కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో అభ్యసన వైకల్యం ఉన్నది గాని, అవధానలోపం పేరు విడిగా లేదు. అందువలన ఉపాధ్యాయుడు వ్రాసే నాలుగు మాటలకు ఎంతో విలువ ఉన్నది. “అల్లరివాడు” అని వ్రాస్తే అది తీర్పు. “లెక్క మొదలుపెట్టి సగంలో వదలుతాడు, నోటితో అడిగితే సరిగా చెప్పుతాడు” అని వ్రాస్తే అది పరిశీలన. ముప్పది ఏండ్ల తరువాత ఆ వాక్యమే వైద్యునికి ఆధారం కావచ్చును.

మెట్లవరుసలో మొదటి మెట్టును మనం చిన్నచూపు చూస్తున్నాము. గోడపై పనుల పట్టిక, గంట మ్రోగే గడియారం, నోటిమాటకు బదులు వ్రాసిన చీటీ: వీటికి లైసెన్సు అక్కరలేదు. తల మోయలేని ధారణను ఇవి బయట మోస్తాయి. తీవ్రమైన బాధకు ఇవి మందుకు బదులు కావు. మందు అందేవరకు మనిషిని నిలబెట్టగలవు. సలహా కావలసినవారికి 2022లో ప్రారంభమైన టెలి-మానస్ 14416 అనే ఉచిత సంఖ్యకు ఫోను చేసే వీలున్నది. దానిని ప్రతి ఉన్నత పాఠశాల గోడపై వ్రాయించవలెను. పిల్లల కోసమే కాదు. సిబ్బంది గదిలో దిద్దని జవాబుపత్రాల కట్టల ముందు కూర్చొని తనను తాను నిందించుకొనే ఉపాధ్యాయునికి కూడ అది అవసరం కావచ్చును.