రిబ్బను నేసిన చేయి

పతకం కన్నా దాని రిబ్బనే నాకు ఇష్టం. వలంటీరు సైనిక దళాల అధికారుల 20 ఏళ్ల సేవకు బ్రిటన్ 1892లో పెట్టిన పతకానిది ఆకుపచ్చ రిబ్బను. 1930 నాటి ఎఫిషియెన్సీ డెకరేషన్‌లో ఆ ఆకుపచ్చ మధ్య పసుపు చార చేరింది. నిలువు చార కదా, రంగు పడుగులోనే ఉండాలి. పోగులు ముందే లెక్కగా పేర్చాలి. ఒక్కటి తప్పినా చివరిదాకా కనిపిస్తుంది. పట్టుచీర అంచులు నేసే ధర్మవరం మగ్గంవాళ్లకు ఇది వేరే చెప్పాలా!

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా పోయే రైలుదారి ఒకప్పుడు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేది. అలాంటి పతకాలిచ్చే వలంటీరు దళం ఒకటి, ఉద్యోగం చేస్తూనే కవాతు చేసే రైల్వే రైఫిల్స్, ఆ కంపెనీకి ఉండేది. అందులో చోటు యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకే. పట్టాలు మోసిన మనవాళ్లకు లేదు. 1949లో ఇలాంటి దళమే అయిన మన టెరిటోరియల్ ఆర్మీ మొదలయ్యాక అధికారులకొకటి, జవాన్లకొకటి మన పతకాలే వచ్చాయి.