టిక్కెట్టు జైలు

సంగారెడ్డిలో 1796 నాటి జైలును మ్యూజియం చేశారు. 2016లో 500 రూపాయలు కట్టినవాళ్లకు ఖైదీ బట్టలిచ్చి ఒక రోజంతా లోపల ఉంచే పథకం పెట్టారు. రేపు గేటు తెరుస్తారని ముందే తెలిసినవాడు ఖైదీ ఎట్లవుతాడు?

సి.బెళగల్ లాంటి ఊళ్లో జైలు శిక్ష గేటు దాటినాక మొదలవుతుంది. తిరిగొచ్చినవాడు సాయిబైతే ఊరి చూపు అతన్ని ఒక పట్టాన వదలదు. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాదులో పోలీసులు పట్టుకెళ్లిన ముస్లిం యువకుల్లో ఎందరో నిర్దోషులుగా బయటపడ్డారు. వాళ్ల మాట ఏ జైలు మ్యూజియంలో వినిపించాలి?

జైలు మ్యూజియం సంకెళ్లకంటే ముందు ఈ గొంతుల్ని దాచాలి. అదీ వాళ్ల షరతుల మీదే. ఉర్దూలో చెబితే ఉర్దూలో, దూదేకుల ఇంటి తెలుగులో చెబితే ఆ తెలుగులోనే టేపు భద్రం చేయాలి. కాగితం మీద పెట్టింది చదివి వినిపించి ఒప్పుదల తీసుకోవాలి. పేరు వద్దంటే తీసేయాలి. సభ పెడితే అధికారికంటే ముందు ఆ మనిషికి, ములాఖత్ కోసం గేటు దగ్గర నిలబడ్డ అతని అమ్మకు మైకివ్వాలి.

జైలు రిజిస్టరు మనకు నెంబర్లిచ్చింది. మ్యూజియమైనా మన పేర్లు మనకివ్వాలి.