ఓడ కనిపిస్తుంది, మగ్గం కనిపించదు

శ్రీనాథుని హరవిలాసం అవతారికను చాలా ఏళ్ళుగా డిగ్రీ విద్యార్థులకు పాఠం చెబుతున్నాను. అవచి తిప్పయసెట్టి సముద్ర వ్యాపారాన్ని వర్ణించిన పద్యం వచ్చేసరికి నా గొంతు దానంతటదే కొంచెం పైకి లేచేది. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు, ఇంకా కర్పూరం, కస్తూరి, ముత్యాలు. కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు అందించిన సెట్టిగారి ఓడలు దింపిన సరుకు అది. ఆరువందల ఏళ్ళ కిందట మనవాళ్ళు ఎంత లోకం చూశారో గమనించండి అని పిల్లలతో అనేవాణ్ణి.

మూడేళ్ళ కిందట ఒక కుర్రవాడు లేచి, "ఇవన్నీ వచ్చాయి సరే మాస్టారూ, మరి ఇటునుంచి ఏం పోయిందండీ? ఎవరూ ఊరికే ఇవ్వరు గదా" అన్నాడు. పెడన దగ్గర మగ్గం నేసే ఇంటి పిల్లవాడు. నేను పద్యం మళ్ళీ చదివాను. అందులో జవాబు లేదు. వచ్చిన సరుకంతా వుంది. పోయిన సరుకు ఒక్కటి కూడా లేదు.

ఈ పద్యం మీద మన విమర్శలో రెండు మాటలు వినిపిస్తాయి. ఇది మన స్వర్ణయుగానికి సాక్ష్యం అని సంప్రదాయవాదులు అంటారు. భూస్వామ్య యుగపు ముఖస్తుతి, పక్కన పెట్టండి అని మనలోనే కొందరు మిత్రులు అంటారు. ఇద్దరూ పద్యం దగ్గరే ఆగిపోతున్నారని నా అభియోగం. వర్తకాన్ని చిత్రించిన కళ ఏదైనా సరే, అది ఎవరి ఒడ్డున నిలబడి, ఎటు తిరిగి చూస్తున్నదో అడగాలి. మన కవి రేవులో నిలబడి సముద్రం వైపు చూశాడు. ఊరు ఆయన వీపు వెనక వుండిపోయింది.

ఇది శ్రీనాథుడితో మొదలైంది కాదు. శాతవాహన రాజులు, ముఖ్యంగా యజ్ఞశ్రీ శాతకర్ణి, తూర్పుతీరంలో వేయించిన సీసపు నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ వుంది. బంగారం కాదు, వెండి కాదు, సీసం. అంటే చిల్లర డబ్బు. సంతలో కూరగాయలు కొనుక్కునే చేతుల్లో నలిగిన డబ్బు. ఆ చేతుల్లోకి రాజు ఓడను పంపాడు గాని, ఆ చేతులను నాణెం మీదికి తేలేదు. అయితే ఇదే కాలానికి చెందిన అమరావతిలో దీనికి భిన్నమైన సంగతి ఒకటి వుంది. స్తూపానికి రాతిపలకలు దానం చేసిన వర్తకుల పేర్ల మధ్య విధికుడనే చర్మకారుడి పేరు కూడా చెక్కారు. అతడు ఇచ్చినది పూర్ణఘటం చెక్కిన పలక. తోలుపని చేసిన మనిషి తన పేరుతో రాయెక్కడం ఆ తర్వాత మన కళలో ఎంత అరుదో చెప్పనవసరం లేదు.

మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం పద్యాలకంటె నిజాయితీగా మాట్లాడుతుంది. గాలివానకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని అది ఒప్పుకుంటుంది. ఇకమీదట సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ, ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒక పాలు సుంకమనీ చెబుతుంది. ఎగుమతి అన్న మాట ఇక్కడ దొరికింది. ఆ శతాబ్దం చివర్లో ముట్ఫిలి గురించి, అంటే పండితులు మోటుపల్లిగా గుర్తించిన రాజ్యం గురించి, మార్కో పోలో రాసినప్పుడు రెండు వస్తువులు చెప్పాడు: వజ్రాలు, సాలెగూడులాంటి సన్నని బట్ట. మా కుర్రవాడి ప్రశ్నకు జవాబు మన కావ్యంలో కాక ఒక వెనిస్ వర్తకుడి మాటల్లో దొరకడం నాకు చిన్నతనంగానే తోచింది.

ఆ బట్ట సంగతే కొంచెం వివరంగా చూద్దాం. అమెరికాలో బ్రూక్లిన్ మ్యూజియంలో 17వ శతాబ్దపు మొదటి భాగంలో కోరమాండల్ తీరంలో తయారైన ఒక కలంకారీ తెర వుంది. ఏడు పలకలు. నేను చూసినది అచ్చుబొమ్మల్లోనే. తోరణాల కింద ఒక్కొక్క పలకలో ఒక్కొక్క జాతి మనుషులు, వారి వారి దుస్తుల్లో, కొలువుదీరి కనిపిస్తారు. టోపీలు పెట్టుకున్న ఐరోపా వాళ్ళూ వున్నారు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరాలు పెట్టుకున్న రోజులవి. రంగులద్దిన మనిషి ఆ కాలపు లోకాన్నంతా నిశితంగా చూశాడు. టోపీ అంచు ఎలా వంగిందో కూడా చూశాడు. తనను మాత్రం ఎక్కడా గీసుకోలేదు.

అయితే అతడు అందులో లేడా? నేను లేడనను. కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ బట్టను నానబెట్టాలి. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. ఇనపముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళతో నల్లగీత గియ్యాలి. ఎరుపు రావలసిన చోట పటికనీళ్ళు రాయాలి. పటికకు తనదంటూ రంగు లేదు. అంటే పనివాడు ఇంకా కంటికి కనబడని ఎరుపును మనసులో చూసుకుంటూ కలం నడుపుతాడు. తర్వాత చిరువేరు వేసి కాస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. నీలిమందులో ముంచే ముందు మిగతా బట్టకంతా మైనం పూయాలి. మధ్యమధ్య పారే నీటిలో ఉతుకు. వడికిన ఆడది, నేసిన సాలె, ఉతికిన చాకలి, వేరు తవ్విన కూలీ, ఇంతమంది ఆ ఎరుపులో వున్నారు. ఐరోపావాళ్ళు పెటపోలి అని పిలిచిన నిజాంపట్నం పరిసరాల చిరువేరుకు ఆనాడు ప్రత్యేకంగా పేరుండేది. కనుక బొమ్మ ఏం చూపిస్తున్నదో చెప్పి ఊరుకునే విమర్శ సగం విమర్శ. బొమ్మ దేనితో తయారైందో కూడా చదవాలి.

ఈ బట్ట ఐరోపా రాజ్యాలను గడగడలాడించింది. దేశపు సిరి అంటే ఖజానాలోని వెండిబంగారాలే అని నమ్మిన కాలం అది. మన అద్దకాల కోసం వెండి తూర్పుకు పోతున్నదనీ, తమ నేతగాళ్ళ పని పోతున్నదనీ అక్కడ గగ్గోలు పుట్టింది. ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, చాలక 1720లో మరొకటి చేసింది. అంటే పెడన కుర్రవాడి ప్రశ్ననే తిరగేసి లండన్ వాళ్ళు కూడా అడిగారు: సరుకు వస్తోంది సరే, మన దగ్గర నుంచి ఏం పోతోంది?

దానికి వాళ్ళు సంపాదించిన జవాబు ఒక చిత్రంలో వుంది. స్పిరిదియోనె రోమా అనే చిత్రకారుడు 1778లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ భవనం పైకప్పుకు గీసిన బొమ్మ అది. ఇప్పుడు బ్రిటిష్ విదేశాంగ కార్యాలయంలో వుంది. బ్రిటానియా తెల్లని దేవతలా బండమీద ఎత్తుగా కూర్చుంది. భారతదేశం నల్లని స్త్రీ రూపంలో ముత్యాలూ రత్నాలూ సమర్పిస్తోంది. చైనా పింగాణీ తెచ్చింది. దూరాన కంపెనీ ఓడ. సమర్పణ అట! 1759లో మచిలీపట్నం కోటను ఫోర్డు పట్టుకున్నాడు. 1765లో బెంగాల్ దివానీ కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాత రైతు దగ్గర వసూలు చేసిన శిస్తుతోనే నేతగాడి బట్ట కొన్నారు. బయానా ఇచ్చి, వేరెవరికీ అమ్మకుండా కట్టేశారు. వెండి పంపవలసిన బాధ తీరింది. బొమ్మలో ఇచ్చే చెయ్యి తప్ప పుచ్చుకున్నందుకు చెల్లించే చెయ్యి లేకపోవడం చిత్రకారుడి అలంకారం కాదు, పచ్చి నిజం.

తిప్పయసెట్టినీ కంపెనీనీ ఒకే గాట కట్టకూడదు. సెట్టి కొని అమ్మాడు. కంపెనీ కత్తి పట్టుకుని కొన్నది. కాని రెండు చిత్రణల్లోనూ సరుకు యజమాని పాదాల వైపే నడుస్తుంది. శ్రీనాథుడి ప్రతిభ మీద నాకున్న గౌరవం ఈ మాటతో తగ్గదు. పద్యాన్ని పాఠ్యభాగం నుంచి తీసెయ్యమన్న మిత్రుడితో నేను ఏకీభవించలేదు.

ఈ ఏడు పద్యంతో పాటు మోటుపల్లి శాసనం, మార్కో పోలో రాసిన పేరా కూడా తరగతిలో చదివించాను. వచ్చినవి ఒక వైపు, పోయినవి ఒక వైపు రాయమన్నాను. రెండో వైపు ఒకరిద్దరు వజ్రాలు అని రాశారు. మిగతావాళ్ళు బట్ట అని రాశారు. ఒక అమ్మాయి బట్ట కింద బ్రాకెట్లో నూలు, నీలి, చిరువేరు అని రాసి, ఇవి కూడా లెక్కకు వస్తాయా అండీ అని అడిగింది. వస్తాయన్నాను.